ఏడు నెలల పిల్లి రాత్రంతా ఒకటే అరుపు, ఇల్లు ఖాళీ చేయమనేలా ఉన్నారు

బండలమిద్దె:
మాది కడప, ఎర్రముక్కపల్లె పక్క. కింద ఓనరు వాళ్లు, పైన మిద్దెలో మేము. ఐదు నెలల కిందట మా పిల్లోడు ట్యూషన్ నుంచి వస్తూ కాలువ గట్టున దొరికిందని అరచేతిలో పట్టేంత పిల్లిపిల్లని చొక్కాలో దాచుకుని తెచ్చాడు. వద్దు మొర్రో అన్నా వినలేదు, ఇప్పుడు వాడికంటే నాకే దాని మీద ప్రేమ, అది వేరే సంగతి. మగదని చెప్పాడు కాబట్టి బొరుగుగాడు అని పేరు పెట్టాం. ఇప్పుడు ఏడు నెలలు ఉంటాయి.

సమస్య ఏమంటే నాలుగు రోజుల నుంచి పగలూ రాత్రీ ఒకటే అరుపు. మామూలు మ్యావ్ కాదు, పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినట్టు. వంటింటి బండ మీద నుంచి వాకిలి దాకా, వాకిలి నుంచి కిటికీ దాకా, కాలు కాలిన పిల్లి అని పెద్దోళ్లు ఊరికే అనలేదు. పాలు పోస్తే ఐదు నిమిషాలు ఊరుకుని మళ్లీ మొదలు. నిజం చెప్పాలంటే ఇంతకుముందు కూడా తెల్లారి నాలుగున్నరకే లేపి పాలు పోయించుకునేది, కానీ ఇంత ఘోరం లేదు. కింద ఆంటీ నిన్న మెట్ల దగ్గర ఆపి, పిల్లి ఏడుపు ఇంటికి మంచిది కాదమ్మా అన్నారు. ఇక వచ్చే నెల ఏమంటారో. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు దీన్ని పట్టుకుని మేం ఇళ్లు మారాల్సి వస్తుందేమో అని టెన్షన్‌గా ఉంది.

తిండి పాలన్నం, పెరుగన్నం, ఆదివారం మాత్రం చికెన్. ఎవరైనా పిల్లులు పెంచిన వాళ్లు ఉంటే చెప్పండి, నిద్రలేక చస్తున్నాం.

కారందోశ:
అక్కా, మా పక్కింట్లో ఇలాగే అరిస్తే చిన్నపిల్లల జ్వరం సిరప్ ఒక అర మూత తాగించారంట, మత్తుగా పడుకుందంట. ట్రై చేసి చూడు.

గొర్రెలడాక్టరు:
పైన చెప్పింది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. జ్వరం సిరప్ అంటే పారాసిటమాల్. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మనుషులకు మామూలు మందే, పిల్లికి మాత్రం విషం, కొంచెం పడినా రక్తం పాడవుతుంది, ప్రాణం పోతుంది. మత్తుగా పడుకుంది అన్నది బహుశా మత్తు కాకపోవచ్చు తమ్ముడూ. కుక్కలకు గోమార్లు పోవడానికి చల్లే కొన్ని పౌడర్లలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, అదీ అంతే, పిల్లి దగ్గరికి రానివ్వకూడదు.

అక్కా, నేను పశువైద్యం చదివినవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా గొర్రెలూ ఎనుములతోనే పని, అయినా పిల్లి సంగతి కొంత తెలుసు. ముందు రెండు విషయాలు చూసి చెప్పండి.

ఒకటి, ఉచ్చ సరిగా పోస్తోందా? మగపిల్లి మాటిమాటికీ ఇసుక డబ్బాలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, ఒక్క చుక్క కూడా రాకపోతే మూత్రనాళం మూసుకుపోయిందని అర్థం. అది రేపు చూద్దాంలే అనుకునేది కాదు, ఒకటి రెండు రోజుల్లోనే పిల్లి చనిపోవచ్చు. అదే అయితే ఈ చర్చ వదిలేసి ఇప్పుడే ఆసుపత్రికి పొండి.

రెండోది, అది మగదే అని ఖాయమా? తోక ఎత్తి చూడండి. మలద్వారం కిందనే, దగ్గరగా, నిలువు గీతలాగా ఉంటే ఆడది. కాస్త దూరంగా చుక్కలాగా ఉండి, మధ్యలో రెండు చిన్న ఉబ్బులు ఉంటే మగది. ఏడు నెలలకి మగపిల్లికి ఆ ఉబ్బులు కనపడాలి.

బండలమిద్దె:
ఉచ్చ బాగానే పోస్తోంది అన్నా. తోక ఎత్తి చూశాం... ఉబ్బులేం లేవు, గీతే ఉంది. మా ఆయన ఇందాకటి నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. ఇంకోటి, వీపు మీద చెయ్యి వేస్తే ముందు కాళ్లు వంచి వెనక భాగం పైకెత్తి తోక పక్కకి పెడుతోంది, బండల మీద ఊరికే దొర్లుతోంది. కడుపునొప్పేమో అని వాము నీళ్లు పడదామనుకున్నా, మీరు చెప్పినాక ఆపేశా.

రెండుపిల్లుల_అక్క:
అయితే ఇంకేముంది, ఎదకొచ్చింది అమ్మాయీ. దానికి రోగం లేదు, నీ మీద కోపమూ లేదు, మగపిల్లిని పిలుస్తోంది. నాలుగో నెల నుంచే కొన్ని మొదలుపెడతాయి, నీది ఏడో నెలలో మొదలుపెట్టింది. అనంతపురంలో మా ఇంట్లో మొదటి పిల్లి ఇదే చేసినప్పుడు మా జేజి దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది, ఇల్లంతా దగ్గులే దగ్గులు, పిల్లి మాత్రం అరుస్తూనే ఉంది.

ఇది వారం, పది రోజులు ఉండి తగ్గుతుంది. తగ్గింది కదా అని సంబరపడకు, జత కట్టకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తుంది. చలిదేశాల్లో చలికాలం వెలుతురు తక్కువ కాబట్టి కొన్ని నెలలు ఆగుతుందంట, మన సీమలో ఎండకేం కొదవ, ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. ఈ వారం తలుపులూ కిటికీలూ జాగ్రత్త. దోమల మెష్ చించుకుని దూకేస్తుంది, నాది అలాగే పోయింది. రెండు రోజులకి తిరిగొచ్చింది, రెండు నెలలు దాటగానే నాలుగు పిల్లలు. వాటిని ఇవ్వడానికి నేను ఎంతమంది కాళ్లు పట్టుకున్నానో నాకే తెలుసు. చుట్టుపక్కల మగపిల్లులు వచ్చి మీ వాకిట్లో వాసన కొట్టి పోతాయి, అప్పుడు కింద ఆంటీ ఏడుపు గురించి మరచిపోయి వాసన గురించి మాట్లాడుతుంది.

ఒకటే దారి, ఆపరేషన్. అండాశయాలు, గర్భసంచి తీసేస్తారు. ఈ అరుపు మళ్లీ రాదు.

పెన్నఒడ్డు:
పాపం ఒక్కసారైనా తల్లి కానివ్వండి, ఒక ఈత ఈనాక చేయించండి. లేకపోతే దానికి మంచిది కాదంటారు.

గొర్రెలడాక్టరు:
అంటారు, నేనూ చిన్నప్పటి నుంచి వింటున్నా, కానీ దానికి ఆధారం లేదు. నిజానికి ముందే చేయిస్తే పాల గ్రంథుల కేన్సర్ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది, గర్భసంచిలో చీము పట్టే జబ్బు రానే రాదు. తల్లి కాలేదని పిల్లి బాధపడదు, బాధపడేది మనం.

అక్కా, ఎదలో ఉన్నప్పుడు అక్కడ రక్తం ఎక్కువ పారుతుంది కాబట్టి చాలామంది డాక్టర్లు ఇది తగ్గాక రమ్మంటారు. ముందు ఫోన్ చేసి అడగండి, ఎన్ని గంటల ముందు తిండి ఆపాలో కూడా అడగండి. కడపలో కుదరకపోతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది కదా, 2008లో పెట్టింది, అక్కడ విచారించండి. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ రాదా అని అడుగుతారేమో, అది 2022లో పల్లెల్లో పశువుల కోసం మొదలైంది, చేతిలో పట్టే పిల్లిని మీరే బుట్టలో తీసుకుపోవడం మేలు. రెండు ప్లాస్టిక్ పండ్ల ట్రేలు బోర్లించి తాడుతో కడితే చాలు, వెయ్యి రూపాయల సంచి అక్కర్లేదు. పోయినప్పుడే నట్టల మందు, రేబీస్ టీకా గురించి కూడా అడగండి. ఇప్పుడు కుదరకపోతే జూలై 6 జునోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల దినం) రోజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు.

ఇక పాలు. తల్లిపాలు మానేశాక పిల్లికి పాలలోని చక్కెర అరగదు, చాలా వాటికి విరేచనాలు. పిల్లి మాంసం తినే జీవి, టారిన్ అనే పదార్థం మాంసం నుంచే రావాలి, అది లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. పెరుగన్నంతో కడుపు నిండుతుంది అంతే. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెనో, పిల్లుల కోసమే చేసిన తిండో పెట్టండి. సగం ఆకలితో ఉన్న పిల్లి ఎదలో లేకపోయినా అరుస్తుంది.

రెండుపిల్లుల_అక్క:
తెల్లారి నాలుగున్నరకే లేపే గోల మాత్రం ఆపరేషన్‌తో పోదు, అది నువ్వు నేర్పిందే. అరిచింది, పాలు వచ్చాయి, పిల్లికి లెక్క సులభం. పెద్దవైన పిల్లులు ఒకదానితో ఒకటి పెద్దగా మ్యావ్ అనుకోవు, అది మనతో పని చేయించుకోవడానికి పెట్టుకున్న భాష. పైగా వాటికి హుషారు పొద్దుగూకే వేళ, తెల్లారుజాము.

నేనేం చేశానంటే, రాత్రి తొమ్మిదిన్నరకి చీపురు పుల్లకి గుడ్డపీలిక కట్టి పావుగంట పరిగెత్తించి, అది రొప్పుతుండగా చివరి తిండి పెట్టేదాన్ని. వేటాడింది, తిన్నది, నాక్కుంది, పడుకుంది. తెల్లారి ఎంత అరిచినా లేవకూడదు, తిట్టకూడదు కూడా, తిట్టినా దానికి సమాధానం దొరికినట్టే. మొదటి మూడు నాలుగు రోజులు అరుపు రెట్టింపు అవుతుంది, అక్కడే అందరూ ఓడిపోతారు. ఐదో రోజు లేచి పాలు పోశావంటే గంటసేపు అరిస్తే పాలొస్తాయని నేర్చుకుంటుంది. కింద ఆంటీకి ముందే చెప్పు, వారం ఓర్చుకోమని. ఒక గిన్నె పాయసం కూడా పంపు.

కారందోశ:
అన్నా, సిరప్ సంగతి మా పక్కింటి వాళ్లకి చెప్పొచ్చా. వాళ్ల పిల్లి ఏమైందో ఇప్పుడు గుర్తొస్తోంది, కనపడి చాలా రోజులైంది.

బండలమిద్దె:
నెల దాటింది, చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా. తొమ్మిది రోజులకి అరుపు దానంతట అదే ఆగింది. తర్వాత వారం ఆగి ఆపరేషన్ చేయించాం. కుట్లు నాక్కోకుండా మెడకి గరాటాలాంటిది పెట్టారు, దాంతో రెండు రోజులు గోడలకి గుద్దుకుంటూ తిరిగింది, చూడలేక నేనే ఏడ్చా. ఇప్పుడు కుట్లు తీసేశారు, గంతులేస్తోంది. పేరు మాత్రం బొరుగుగాడే, మార్చితే మా పిల్లోడు ఒప్పుకోలేదు.

తెల్లారుజాము గోల మీరు చెప్పినట్టే మూడో రోజు నరకం చూపించింది, మా ఆయన దిండు కింద తల పెట్టుకుని పడుకున్నాడు. ఆరో రోజుకి తగ్గింది. ఇప్పుడు ఆరు దాకా నిద్రపోనిస్తోంది. కింద ఆంటీ నిన్న మెట్ల దగ్గర ఆపి, మీ పిల్లి ఈమధ్య వినపడటం లేదు, బాగుందా అని అడిగారు.

వారానికి ఒకటి రెండు రోజులు మాత్రం ఇంకా నాలుగున్నరకే లేచి అరుస్తోంది, అదీ మా అత్త పడుకునే గది ముందే. ఆమె పాలు పోస్తోందని నా అనుమానం. గిన్నె ఎక్కడ దాస్తోందో ఇంకా దొరకలేదు.