ముందు డిస్క్ బ్రేక్‌లో గాలి పోవడం లేదు, ఏం చేయాలి?

నమస్కారమండీ. మా నాన్నగారి 2006 నాటి 150 సీసీ బండిని మళ్ళీ రోడ్డెక్కించాలని చూస్తున్నాను. బ్రేక్ ఆయిల్ నల్లబడిపోయింది. అంతా తీసేసి, సీల్ విప్పని డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ డబ్బా తెచ్చి పోశాను. లివర్ నొక్కి పట్టుకుని కాలిపర్ (చక్రం దగ్గర డిస్క్‌ని పట్టే భాగం) మీద గాలి తీసే నిపుల్ వదులు చేయడం, బిగించాకే లివర్ వదలడం, పైన ఆయిల్ అడుగంటకుండా చూసుకోవడం, అన్నీ పద్ధతిగానే చేశాను. పైపులో బుడగలు ఆగిపోయాయి. అయినా లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. వెంటవెంటనే నొక్కితే గట్టిపడుతుంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ మెత్తనే. ఎక్కడా కారడం లేదు.

నా అనుమానం మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఆయిల్‌ని తోసే భాగం) దగ్గరి బాంజో బోల్టు, అంటే హోస్‌ని దానికి బిగించే బోల్టు మీద. గాలి పైకే చేరుతుంది కదా, అక్కడ చిక్కుకుందేమో. కింద నిపుల్ నుంచి సిరంజితో ఆయిల్ పైకెక్కిస్తే వస్తుందా? రాత్రంతా లివర్‌ని తాడుతో బిగించి కట్టి ఉంచడం మేలా? పాత రబ్బరు హోస్ ఉబ్బుతోందా, మాస్టర్ సిలిండర్ కిట్ (లోపలి పిస్టన్, రబ్బరు సీళ్ళు) పోయిందా అన్నది విప్పకుండా తేల్చే మార్గం ఉంటే అది ముందు చెప్పండి. ఈ బండి మీద అమ్మను ఎక్కించుకుని తిరగాలి, బ్రేకు విషయంలో సర్దుకోలేను. సొంతంగా చేసిన అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి వివరంగా రాయండి.