లియాన్ లెట్ ఆ బాల్ జోలికి పోకపోతే ఏమయ్యేది?

ప్రశ్న:
1993 థాంక్స్‌గివింగ్, అమెరికన్ ఫుట్‌బాల్ (NFL)లో డాలస్ కౌబాయ్స్–మయామీ డాల్ఫిన్స్ మ్యాచ్. డాలస్ 14-13 లీడ్‌లో ఉంది, 15 సెకన్లే మిగిలాయి. మయామీ కిక్కర్ స్టొయనోవిచ్ కొట్టిన 41 యార్డుల ఫీల్డ్ గోల్ (గోల్ పోస్టుల మధ్యకి తన్నే 3 పాయింట్ల కిక్) బ్లాక్ అయింది. డాలస్ ఆటగాడు లెట్ జారుకుంటూ వచ్చి బాల్‌కి కాలు తగిలించాడు, మయామీ పట్టేసింది. లెట్ రాకపోయినా బాల్ అక్కడే ఉంది కదా, మయామీ వాళ్లు దాని మీద పడుకుంటే చెల్లదా?

జవాబు 1:
చెల్లదండి. బ్లాక్ అయిన బాల్ స్క్రిమేజ్ లైన్‌కి (ఆ ఆట మొదలైన గీతకి) వెనకే ఉండిపోతే ఎవరైనా ఎత్తుకుని పరిగెత్తొచ్చు. లైన్ దాటి అవతల పడితే కిక్ చేసిన టీమ్‌కి హక్కు లేదు, అవతలి టీమ్ వాడెవడైనా దాన్ని ముట్టుకుంటే తప్ప. ఆ రోజు బాల్ లైన్ దాటింది. ఎవరూ ముట్టుకోకపోతే బాల్ డాలస్‌ది, ఒక్క మోకాలు నేలకి ఆనిస్తే ఆట అయిపోయేది. అందుకే ఇలాంటప్పుడు "పీటర్! పీటర్!" అని అరుస్తారు, అంటే దూరంగా ఉండు అని.

టెక్సస్ స్టేడియం పైకప్పు మధ్యలో పెద్ద కంత. మంచు నేరుగా టర్ఫ్ మీదే పడింది. లెట్ ఆగుదామనుకున్నా కాలు ఆగే నేల కాదది. మయామీ ఆటగాడు డెలెన్‌బాక్ 1 యార్డ్ లైన్ దగ్గర బాల్ మీద పడ్డాడు, 3 సెకన్లు ఉన్నాయి. ఎండ్ జోన్ (గోల్ లైన్ వెనక భాగం, దాని చివరే గోల్ పోస్టులు) 10, హోల్డర్ (కిక్ కోసం బాల్ పట్టుకునేవాడు) వెనక్కి కూర్చునేది 8, ఆ 1 కలిపితే 19 యార్డుల కిక్. మయామీ 16-14తో గెలిచింది.

జవాబు 2:
పైన చెప్పింది కిక్‌ఆఫ్‌కి (ఆట మొదట్లో, పాయింట్ల తర్వాత బాల్‌ని అవతలి టీమ్‌కి తన్నడానికి) మాత్రం వాడకండి, తిరగబడుతుంది! 2024కి ముందు కిక్‌ఆఫ్ 10 యార్డులు దాటితే ఎవరు పడితే వాళ్లదే. 2016 సీజన్ చివరి వారంలో బిల్స్ రిటర్నర్ (కిక్ అందుకునేవాడు) గిల్లిస్లీ, ఎండ్ జోన్‌లోకి దొర్లిన బాల్‌ని టచ్‌బ్యాకే (ఆట ఆగి బాల్ తమకే వస్తుంది) కదా అని వదిలేశాడు. జెట్స్ ఆటగాడు మిడిల్టన్ వచ్చి దాని మీద పడ్డాడు, టచ్‌డౌన్ (6 పాయింట్లు). 2018లో రూల్ మార్చి, ఎండ్ జోన్‌లో నేలకి తగిలితే చాలు, టచ్‌బ్యాక్ అన్నారు. 2024లో మళ్లీ తిప్పారు: గోల్ లైన్ ముందున్న 20 యార్డుల లాండింగ్ జోన్‌లో పడి ఎండ్ జోన్ లోపలికి దొర్లితే రిటర్నర్ దాన్ని అందుకోవాల్సిందే, పరిగెత్తడమో మోకాలు ఆనించడమో అతనిష్టం.

జవాబు 3:
2022 సెప్టెంబర్, మళ్లీ మయామీయే, బిల్స్ మీద 21-17తో ముందుంది. పంటర్ (బాల్‌ని దూరంగా తన్ని అవతలి టీమ్‌కి ఇచ్చేవాడు) మామూలుగా స్నాప్‌కి (బాల్ వెనక్కి అందించే చోటికి) 15 యార్డులు వెనక నిలబడతాడు. సొంత గోల్ లైన్ ఆనుకుని ఉంటే ఆ చోటెక్కడిది? మయామీ పంటర్ మోర్‌స్టెడ్ ఎండ్ లైన్ (ఎండ్ జోన్ చివరి గీత) ముందు ఇరుక్కుపోయాడు, అడ్డంగా కాపలా ఉన్న సొంత టీమ్ వాడు షెర్‌ఫీల్డ్ వెనక్కి జరిగి దాదాపు అతని ఒళ్లోకి వచ్చాడు. పంట్ వెళ్లి అతని పిరుదుకే తగిలి వెనక్కి బయటికి పోయింది. సేఫ్టీ, అంటే బిల్స్‌కి 2 పాయింట్లు.

ప్రశ్న అడిగినవారు:
2 పాయింట్లే కదా, పెద్ద నష్టమేముంది?

జవాబు 3:
పాయింట్లు కాదండి అసలు దెబ్బ. 21-17 కాస్తా 21-19 అయింది, అంటే టచ్‌డౌన్ కావాల్సిన బిల్స్‌కి ఇక ఫీల్డ్ గోల్ చాలు. పైగా సేఫ్టీ ఇచ్చినవాళ్లే 20 యార్డ్ లైన్ నుంచి ఫ్రీ కిక్ కొట్టి బాల్ అప్పజెప్పాలి. ఇంకా నిమిషంన్నర ఉంది. బిల్స్ టైమ్ చాలక ఓడింది గానీ.