కూడికలో పెద్ద పవర్‌కి మార్చాలా, చిన్న పవర్‌కా?

లెక్కలపిచ్చి:
సైంటిఫిక్ నొటేషన్‌లో, అంటే 1 నుంచి 10 లోపు సంఖ్యని 10 పవర్‌తో (10 మీది ఘాతంతో) గుణించి రాసే పద్ధతిలో, గుణకారం, భాగహారం దగ్గర ఎవరికీ పేచీ లేదు, ముందున్న అంకెల్ని గుణించి పవర్లు కలిపేస్తే, లేదా భాగించి పవర్లు తీసేస్తే అయిపోతుంది. కూడికకే ముందు పవర్లు సమానం చెయ్యాలి, అక్కడ ఎప్పుడూ పెద్ద పవర్‌కే మార్చాలని నా వాదన. భూమి ద్రవ్యరాశి 5.97×10²⁴ కిలోలు, చంద్రుడిది 7.35×10²². రెండోదాన్ని 0.0735×10²⁴ అని రాస్తే మొత్తం 6.0435×10²⁴, అంటే 6.04×10²⁴. చిన్నదానికి మారిస్తే 597 + 7.35 = 604.35×10²² వస్తుంది, దాన్ని మళ్ళీ సరిచెయ్యాలి. ఒకే పని రెండుసార్లు ఎందుకండీ?

అరసున్నా:
రెండుసార్లే, కానీ తప్పులు తక్కువ. దశాంశ బిందువు ఎడమకి జరిపేటప్పుడే పిల్లలు తడబడేది, 0.735 అని ఒకడు 0.00735 అని ఇంకొకడు. 597 అంటే కంటికి ఆనే నంబరు, కూడడం సుఖం. చివర్లో బిందువు జరపడం ఎలాగూ గుణకారంలో కూడా చేసేదే కదా.

లెక్కలపిచ్చి:
తేడా రెండు పవర్లే ఉంది కాబట్టి అలా అంటున్నారు. సూర్యుడు 1.99×10³⁰, దానికి భూమిని కలపండి. మీ పద్ధతిలో 1990000 + 5.97 = 1990005.97×10²⁴, ఇక 1.99000597×10³⁰ అని ఎంత దర్జాగా రాస్తారో! సూర్యుడిది మనం మూడు అంకెల వరకే తీసుకున్నాం, 1990000లో చివరి నాలుగు సున్నాలు మనకి తెలిసినవి కావు, జాగా నింపడానికి పెట్టినవి. పెద్ద పవర్‌కి మార్చి 1.99 కింద 0.00000597 రాస్తే, ఈ చిన్నది ఆ చివరి 9కి ఎంత దూరంలో పడిందో అక్కడే కనిపిస్తుంది, జవాబు 1.99×10³⁰ దగ్గరే ఆగుతుంది. నాకు అసలు పాయింటు ఇదే, స్పీడు కాదు.

అరసున్నా:
అది సార్థక అంకెల (నిజంగా తెలిసిన, నమ్మదగ్గ అంకెల) గొడవ, పద్ధతిది కాదు. తీసివేత చూడండి, 4.52×10⁵ లోంచి 4.49×10⁵ తీస్తే 3×10³. మూడేసి అంకెలతో మొదలెట్టి ఒక్క అంకె మిగిలింది, ఇక్కడ పవర్లు మార్చనే లేదు. ఎంత నమ్మొచ్చో వేరేగా నేర్పాల్సిందే.

కోడ్‌కూలి:
కంప్యూటర్ మాత్రం లెక్కలపిచ్చి గారి పార్టీయే. ఫ్లోటింగ్ పాయింట్ (కంప్యూటర్ దశాంశ సంఖ్యల్ని ఇలాగే అంకెలు, పవర్‌గా దాచుకునే పద్ధతి) కూడికలో చిన్న నంబర్నే పెద్దదాని పవర్‌కి జరుపుతుంది, కుడివైపు పట్టని బిట్లు రౌండింగ్‌లో పోతాయి. మామూలు 64 బిట్ల నంబర్లలో 10¹⁶కి 1 కలిపితే మళ్ళీ అదే 10¹⁶ వస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అందుకే పెద్ద లిస్టు కూడేటప్పుడు చిన్నవాటిని ముందు కూడుకోమంటారు.

అరసున్నా:
మెషీన్‌కి బిట్లు పరిమితం బ్రో, కాగితానికి ఆ కష్టం లేదుగా.

గీతలపుస్తకం:
మీరిద్దరూ మైనస్ పవర్లు మర్చిపోయారు. ప్రోటాన్ 1.6726×10⁻²⁷ కిలోలు, ఎలక్ట్రాన్ 9.11×10⁻³¹. పెద్ద పవర్ ఏదంటే సగం మంది 31 చూసి ఎలక్ట్రాన్ అంటారు (నిజానికి −27యే పెద్దది), ఆపైన ఏ పద్ధతి చెప్పినా ఏం లాభం? కాలిక్యులేటర్ ఉందిగా అనేవాళ్ళకి ఒక మాట, 1.5×10¹¹ ని 3×10⁸ తో భాగించమని బ్రాకెట్లు లేకుండా వరసగా కొట్టి చూడండి, 500 రావాల్సిన చోట 5×10¹⁸ వస్తుంది.

లెక్కలపిచ్చి:
మైనస్ సంగతి నిజమే, సంఖ్యారేఖ మీద చూపించాకే ఇది మొదలెట్టాలి. అరసున్నా గారూ, తేడా ఒకటి రెండు పవర్లయితే మీ దారి ఓకే. అంతకు మించితే మాత్రం కూడే ముందు చిన్నది అసలు లెక్కలోకి వస్తుందా లేదా చూడమని చెప్పాలి, అది చూపించేది పెద్ద పవరే.

అరసున్నా:
సరే చూపించండి, కాదనను. కానీ 604×10²² దగ్గర ఆపేసిన వాడికి సున్నా మార్కులు వేసే మాస్టార్లున్నారు, విలువ కరెక్టే కదండీ, ఫారం తప్పినందుకు ఒక అర మార్కు కొట్టేస్తే చాలదా?