కిషి స్టేషన్: ఆ లైనును నిజంగా పిల్లే కాపాడిందా? పాపతో వెళ్లొచ్చా?

గోదావరి_గాలి:
వచ్చే నెల మేం ముగ్గురం ఒసాకా వస్తున్నాం. టోపీ పెట్టుకున్న పిల్లి స్టేషన్ మాస్టర్ వీడియో చూసిన దగ్గర్నుంచి మా పాప కిషి వెళ్దామని ఒకటే పోరు. మూతపడబోయిన లైను పిల్లి వల్ల బతికిందంటున్నారు, అది నిజమా లేక టూరిజం వాళ్లు అల్లిన కథా? ఒక పూట పెట్టి వెళ్లేంత ఉందా అక్కడ?

రైలు_పిచ్చోడు:
సగం నిజం అండీ. ఒసాకాకి దక్షిణాన ఉన్న వకయామా నుంచి కిషి దాకా 14.3 కిలోమీటర్ల చిన్న లైను అది. నష్టాలు భరించలేక అప్పటిదాకా నడిపిన నాంకై రైల్వే కంపెనీ వదిలేస్తానంది. అప్పుడు ఊళ్లవాళ్లు సంఘం పెట్టుకుని, తలా కొంత చందా వేసుకుని గట్టిగా నిలబడ్డారు. ప్రభుత్వ డబ్బుతో భూమి స్థానిక నగరాల చేతికొచ్చింది, నష్టాలకు కొన్నేళ్లపాటు సాయం చేస్తామని మాటిచ్చారు, ఆ తర్వాతే ఒకయామా అనే వేరే నగరంలో ట్రాములు నడిపే గ్రూపు ముందుకొచ్చి 2006 ఏప్రిల్‌లో వకయామా ఎలక్ట్రిక్ రైల్వే పేరుతో నడపడం మొదలుపెట్టింది. తామా అనే ఆ పిల్లి స్టేషన్ మాస్టర్ అయ్యింది 2007 జనవరిలో. అంటే పిల్లి వచ్చేసరికే లైను గట్టెక్కింది. కాకపోతే ఆ తర్వాత జనాన్ని రప్పించింది మాత్రం అదే, అందులో అనుమానం లేదు.

తామా అసలు స్టేషన్ పక్క కిరాణా కొట్టువాళ్ల పిల్లి. లైను చేతులు మారేటప్పుడు పిల్లుల గూడు తీసేయాల్సి వచ్చింది, వీటిని స్టేషన్‌లో ఉండనివ్వండని ఆ కొట్టావిడ కొత్త కంపెనీ అధ్యక్షుణ్ని అడిగింది. ఖర్చు తగ్గించడానికి అప్పటికే అక్కడ మనుషుల్ని తీసేశారు, ఆయన పిల్లికే పోస్టింగ్ ఇచ్చేశాడు! జీతం క్యాట్ ఫుడ్. మన దగ్గరైతే ముందు యూనియన్ వాళ్లు వచ్చేవాళ్లు.

ఒసాకా_మనోడు:
చరిత్ర సరే, వెళ్లే దారి చెప్తా. ఒసాకాలోని తెన్నోజీ స్టేషన్‌లో జేఆర్ (జపాన్ రైల్వేస్) వాళ్ల కిషూజీ ర్యాపిడ్ రైలు ఎక్కితే గంటా పది నిమిషాల్లో వకయామా. రైలు మధ్యలో విడిపోతుంది, కొన్ని పెట్టెలు ఎయిర్‌పోర్టుకి పోతాయి, కాబట్టి వకయామా పెట్టె చూసుకుని ఎక్కండి. అక్కడ 9వ నంబర్ ప్లాట్‌ఫామ్ నుంచి కిషికి అరగంట. రోజంతా తిరిగే టికెట్ తీసుకుంటే ఏ గొడవా ఉండదు, చిల్లర మాత్రం చేతిలో ఉంచుకోండి. ఈ లైనులో ప్రత్యేకంగా అలంకరించిన స్ట్రాబెర్రీ రైలు, తామా రైలు ఏ టైముకి నడుస్తాయో కంపెనీ సైట్‌లో పెడతారు. పాపకి తామా రైలు తగిలేలా చూసుకోండి, ముందు భాగానికి మీసాలు, పైన చెవులు కూడా ఉంటాయి.

ముఖ్యమైన సంగతి, పిల్లికి వారంలో సెలవు రోజులున్నాయి. ఏ రోజు డ్యూటీయో చూడకుండా బయల్దేరితే పాప ఏడుపు మీరే భరించాలి. డ్యూటీలో ఉన్నా అద్దాల గదిలో ఎక్కువసేపు నిద్రే, అద్దం మీద కొట్టకూడదు, ఫ్లాష్ వాడకూడదు.

వేప_చెట్టు:
తామా 2015 జూన్‌లో చనిపోయింది, వేలమంది వచ్చారు అంత్యక్రియలకి. ప్లాట్‌ఫామ్ మీదే చిన్న గుడి కట్టారు. ఆ తర్వాత నితామా అనే పిల్లి ఆ కుర్చీలోకి వచ్చింది, అదీ 2025లో చనిపోయింది, ఇప్పుడున్నది దాని తర్వాత వచ్చిన పిల్లి. నాకైతే పిల్లి కంటే స్టేషన్ బిల్డింగే నచ్చింది. 2010లో మళ్లీ కట్టారు, డిజైన్ మితోఒకా ఎయిజిది, క్యూషూలో నానాత్సుబోషి లగ్జరీ రైలు చేసింది కూడా ఈయనే. పైకప్పుకి పాత గుళ్లకి వేసినట్టు హినోకి (జపాన్ సైప్రస్) చెట్టు బెరడు పరిచారు, దానికి రెండు చెవులు, కళ్లలా రెండు కిటికీలు. దూరం నుంచి చూస్తే పిల్లి మొహమే. లోపల కేఫ్, బొమ్మల షాపు. పర్సు జాగ్రత్త.

గోదావరి_గాలి:
థాంక్యూ అందరికీ. పిల్లి డ్యూటీ చూసుకునే రోజు ఫిక్స్ చేస్తా. మధ్యలో దిగి చూసేదేమైనా ఉందా?

రైలు_పిచ్చోడు:
ఇదాకిసో స్టేషన్‌లో దిగండి, రైళ్ల షెడ్డు అక్కడే. ఒక పెద్ద గుడి కూడా నడిచేంత దూరంలో ఉంది. రోజు టికెట్ ఉంటే దిగి ఎక్కడానికి మళ్లీ డబ్బులు అక్కర్లేదు.