తాడు లాగితే జెండా విచ్చుకోవడం లేదు, ముడి ఎలా వేయాలి?

మా స్కౌట్ పిల్లలు 24 మంది జనవరి 26 కోసం ప్రాక్టీస్ చేస్తున్నారు. ఆగస్టు 15న కింది నుంచి ఎగరేస్తాం కాబట్టి ఇబ్బంది ఉండదు. ఇప్పుడు మడిచి, పైన ముందే కట్టి విప్పాలి. అక్కడే టెన్షన్.

స్తంభం 18 అడుగులు, పైన ఒకటే కప్పీ. జెండా 3 అడుగులు x 2 అడుగులు, పాలిస్టర్. తాడు నైలాన్, కాస్త జారుడు రకం. జెండాను పొడవునా మడిచి, చుట్టగా చుట్టి, మధ్యలో గుప్పెడు బంతిపూల రెక్కలు పెట్టి, కింది తాడుతోనే జారుముడి వేస్తున్నాం.

ఐదుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లే సరిగ్గా విచ్చుకుంది. రెండుసార్లు లాగేకొద్దీ ముడి ఇంకా బిగిసి, రెక్కలు మాత్రం ఒకటీ అరా రాలాయి. ఇంకోసారి సగం ఎత్తుకు వెళ్లేసరికి గాలికి దానంతటదే విడిపోయింది. పిల్లలు నవ్వాపుకోలేకపోయారు, నేనూ అంతే.

జారుముడి బదులు నూలు దారంతో కట్టి చూశాం. దారం తెగలేదు, స్తంభం ఊగింది. రెక్కలు తగ్గిస్తే కొంచెం నయం. అసలు పెట్టకపోతే బాగానే విచ్చుకుంటోంది, కానీ పూలు రాలకపోతే పిల్లలకు పండగే కాదు. జాతీయ పండగలప్పుడు జెండాలో పూలరెక్కలు పెట్టడానికి ఫ్లాగ్ కోడ్ కూడా ఒప్పుకుంటుంది.

జాతీయగీతానికి పట్టేది 52 సెకన్లే, ముడితో కుస్తీ పట్టే వ్యవధి ఉండదు. పూలరెక్కలతో సహా ఒక్క లాగుకే విచ్చుకోవాలంటే, పైకి వెళ్లేటప్పుడు విడిపోకుండా ఆ ముడి ఎలా వేయాలి?