ఇంట్లో చిన్న లేత్‌కి ఏ డయల్ ఇండికేటర్ కొనాలి?

ప్రశ్న:
లేత్ మీద నాలుగు దవడల చక్‌లో (ముక్కను పట్టి తిప్పే భాగం) జాబ్‌ని, అంటే చెక్కాల్సిన ముక్కని, సరిగ్గా మధ్యలో సెంటర్ చేయడానికి డయల్ (సన్న తేడాల్ని ముల్లుతో చూపే కొలత పరికరం) కావాలి. ప్లంజర్ రకమా (పుల్ల లోపలికీ బయటికీ జరిగేది), లివర్ రకమా (చిన్న మొన పక్కకి ఊగేది)? ఒక్కో గీత 0.001 మి.మీ. ఉన్నది చూపించి ఇదే తీసుకోమంటున్నాడు షాపతను.

జవాబు (బాలానగర్ టర్నర్):
0.001 వద్దు తమ్ముడూ. మన చిన్న లేత్‌ల మీద ముల్లు ఒకచోట నిలవదు, ఊరికే టెన్షన్. 0.01 మి.మీ., 10 మి.మీ. ట్రావెల్ (పుల్ల జరిగే దూరం) ఉన్న ప్లంజర్ డయల్‌తో మొదలుపెట్టు. ప్లంజర్ సెంటర్ ఎత్తులో, జాబ్ ఉపరితలానికి లంబంగా ఉండాలి. ముల్లు ముందే ఒక చుట్టు తిరిగేలా ఆనించు, లేకపోతే జాబ్ దూరం జరిగినప్పుడు మొన గాల్లో ఉండిపోతుంది. చక్ చేత్తోనే తిప్పు, మోటార్ ఆన్ చేయకు. ఒక దవడ దగ్గర 20 గీతలు, ఎదురు దవడ దగ్గర 60 చూపిస్తే తేడా 40. జరపాల్సింది సగమే, 20. ఎక్కువ చూపించిన వైపు దవడ బిగించాలి, ముందు ఎదురుది కాస్త వదులు చేసి.

ప్రశ్న అడిగినవారు:
మరి బోర్ (జాబ్‌లోని రంధ్రం) లోపల?

జవాబు (బాలానగర్ టర్నర్):
అక్కడ లివర్ డయలే. షాపుల్లో పప్పీ డయల్ అంటారు. దాని మొన ఉపరితలానికి దాదాపు సమాంతరంగా ఉంచు, వాలు పెరిగితే కొలత ఎక్కువ చూపిస్తుంది. లోపల లెక్క తిరగబడుతుంది, ఎక్కువ చూపించిన వైపు కాదు, ఎదురు దవడ బిగించాలి, జాగ్రత్త.

ఇంకొకరు:
డయల్‌ని పట్టి ఉంచే మాగ్నెట్ బేస్‌కి డబ్బు పెట్టండి. దాని సన్న రాడ్ ఊగితే ఎంత మంచి డయలైనా దండగే. ప్లంజర్‌కి నూనె మాత్రం వేయకండి, జిగురై పట్టేస్తుంది.