కీ-వై రెండు రూపాలూ ఒకేలా ఉన్నాయి, తేడా ఎక్కడ వెతకాలి?

బ్రాడీపేట మాస్టారు:
గుంటూరులో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. ఈ-కోలై ఈత పాఠం ఏటా చెప్పేదే. మోటారు అపసవ్యంగా తిరిగితే ఫ్లాజెల్లాలు (తోకలు) జడలా అల్లుకుని కణం తిన్నగా పోతుంది. సవ్యంగా తిరిగితే జడ విడిపోయి దొర్లుతుంది. దిశ మార్చమనే కబురు మోసేది కీ-వై అనే ప్రోటీన్, దానికి ఫాస్ఫేట్ ఇచ్చేది కీ-ఏ. (మా రోజుల్లో చే-వై అని చదివేవాళ్లం. అది కీమోటాక్సిస్‌లోని కీ అని చాలా ఆలస్యంగా తెలిసింది.)

ఈసారి బొమ్మ చూపిద్దామని ఆదివారం పైమాల్‌లో (ప్రోటీన్ బొమ్మలు చూపే సాఫ్ట్‌వేర్) 3సీహెచ్‌వై ఫైలు తెరిచాను, అది ఫాస్ఫేట్ లేని ఉత్త కీ-వై. దాని మీద ఉత్తేజిత రూపం 1ఎఫ్‌క్యూడబ్ల్యూ పెట్టాను. మధ్యలో ఐదు బీటా పోగులు, చుట్టూ ఐదు హెలిక్స్‌లు, రెండూ ఒకే బొమ్మలా కూర్చున్నాయి. ఈ మాత్రానికి మోటారు దిశ మార్చుకుంటుందా? పైగా రెండోదాంట్లో ఫాస్ఫేటే లేదు, బెరీలియం ఫ్లోరైడ్ ఉంది. తప్పు ఫైలు దించుకున్నానా? క్లాసు బుధవారం. ముందు బెంచీలో ఒకమ్మాయి ఉంది, జవాబు చెప్పేదాకా వదలదు. టెన్షన్‌గా ఉంది.

పటమట వాసి:
ఫైలు సరైనదే సార్. మీరు ప్రోటీన్ వెన్నెముక చూస్తున్నారు, తేడా అమైనో ఆమ్లాల పక్క గొలుసుల్లో ఉంది. 57వ ఆస్పార్టేట్, 87వ థ్రియోనిన్, 106వ టైరోసిన్, ఈ మూడింటినే కడ్డీలుగా పెట్టి చూడండి.

ఫాస్ఫేట్ ఎక్కేది 57 మీద. ఎక్కగానే 87 అటు జరిగి దానితో హైడ్రోజన్ బంధం కడుతుంది. ఖాళీ అయిన చోటులోకి 106 మడుచుకుంటుంది. విజయవాడ బస్సులో కిటికీ పక్కనాయన కాస్త జరిగితే, నడవలోకి కాళ్లు చాపుకున్నాయన లోపలికి సర్దుకున్నట్టు. నడవ ఖాళీ అయితేనే కదా మనిషి వచ్చేది! ఇక్కడ వచ్చేది మోటారులోని ఫ్లి-ఎమ్ అనే ప్రోటీన్. 1ఎఫ్4వీ కూడా దించండి, ఫ్లి-ఎమ్ మొదట్లోని 16 అమైనో ఆమ్లాల ముక్క కీ-వైకి అతుక్కుని కనిపిస్తుంది. టైరోసిన్ బయటే ఉంటే ఆ ముక్కకు అడ్డం.

బెరీలియం అంటారా, కీ-వై తన మీది ఫాస్ఫేట్‌ను తానే ఊడగొట్టుకుంటుంది. ఇరవై సెకన్లు అటూ ఇటూగా సగం పోతుంది. స్ఫటికం పెరగాలంటే రోజులు కావాలి, అంతసేపు ఎవరు ఆపుతారు? బెరీలియం ఫ్లోరైడ్ ఆకారం ఫాస్ఫేట్‌ను పోలి ఉంటుంది, 57 దగ్గర కూర్చుని కదలదు. కణం లోపల ఆ ఇరవై సెకన్లు కూడా ఎక్కువే. దొర్లడం సెకనులో పదో వంతు అటూ ఇటూగానే ఉంటుంది. అందుకే ఫాస్ఫేట్ తొందరగా ఊడగొట్టడానికి కీ-జెడ్ అనే ప్రోటీన్ వేరే ఉంది.

పాత క్రిస్టలోగ్రాఫర్:
బస్సు పోలిక బాగుంది గానీ, ముందు ఒకరు జరిగితే తర్వాత ఇంకొకరు అన్న వరస పిల్లలకు ఎక్కించకండి. 1991లో వోల్జ్, మత్సుమురా ఇచ్చిన 3సీహెచ్‌వైలోనే 106కు రెండు స్థానాలున్నాయి, లోపలా బయటా. ఫాస్ఫేట్ లేకపోయినా ఆ కాళ్లు ఊగుతూనే ఉంటాయన్నమాట. ఫాస్ఫేట్ వస్తే లోపలే నిలుస్తాయి.

‘ఈ మాత్రానికి’ అన్నారు కదా మాస్టారూ, ఒక్క కీ-వైతో ఏమీ జరగదు. మోటారు అడుగున రింగులో ఫ్లి-ఎమ్‌లు 34 దాకా ఉంటాయి. 2000లో క్లూజెల్, సురెట్, లీబ్లర్ ఒక్కో కణంలో కొలిచారు. ఫాస్ఫేట్ ఉన్న కీ-వై గాఢత కొంచెం పెరిగేసరికే మోటారు దాదాపు పూర్తిగా సవ్య దిశకు తిరిగిపోయింది. హిల్ గుణకం (మార్పు ఎంత హఠాత్తుగా వస్తుందో చెప్పే అంకె) 10 దాటింది. హిమోగ్లోబిన్‌కు మూడు కూడా ఉండదు, మనం దాన్నే గొప్పగా చెబుతాం.

బ్రాడీపేట మాస్టారు:
ఇప్పుడే మళ్లీ తెరిచాను. 106కు రెండు స్థానాలు ఉన్నాయండీ. ఆదివారమే కనిపించాయి. ఫైలులో ఏదో లోపం అనుకుని, బొమ్మ శుభ్రంగా ఉంటుందని లోపలిదాన్ని నేనే దాచేశాను!